తాళి మీద గీత

ఫోటో ప్రింటర్లు బాగుచేసే పని నుంచి నేను తప్పుకుని ఇంకా ఎక్కువ కాలం కాలేదు. నంద్యాలలో ఒక సర్వీస్ సెంటర్లో చేసేవాడిని. శిరివెళ్ల, ఆళ్లగడ్డ, బండి ఆత్మకూరు, గడివేముల, ఈ చుట్టుపక్కల ఏ స్టూడియోలో మిషను మొరాయించినా బ్యాగు భుజాన వేసుకుని బస్సెక్కేది నేనే. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఇప్పటికీ అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. ప్రింటు మీద గీతలు పడుతున్నాయి, చారలు వస్తున్నాయి, హెడ్డు మార్చమంటారా అని అడుగుతారు. హెడ్డు అంటే మిషను లోపల అటూ ఇటూ పరుగెత్తుతూ కాగితం మీద ఇంకు చిమ్మే భాగం. మొత్తం మిషనులో అన్నిటికన్నా ఖరీదైనది అదే కాబట్టి అందరి కన్నూ దాని మీదే ఉంటుంది. నేను మాత్రం ముందు ఒకటే అడుగుతాను, గీతా, చారలా అని. రెండూ వేరు వేరు జబ్బులు. ఒకే ప్రింటు మీద రెండూ కలిసి వస్తే ఒకటే అనుకుని మోసపోతాం. ఈ తేడా నాకు ఆళ్లగడ్డలో ఒక పెళ్లి ఫోటో దగ్గర గట్టిగా తలకెక్కింది. అది చెబుతాను. పేర్లు మాత్రం చెప్పను. వాళ్లంతా ఆ ఊళ్లలోనే ఉన్నారు, నేనూ ఆ బస్సుల్లోనే తిరుగుతున్నాను.

ఎండాకాలం, పెళ్లిళ్లు ముమ్మరంగా జరుగుతున్న రోజులు. పొద్దున్నే సెంటర్ తలుపు తీసేసరికి ఆళ్లగడ్డ స్టూడియో ఆయన దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. ఆ మిషను నేను బిగించిందే. ఆయన మామూలుగా చాలా నెమ్మదస్తుడు. ఆ రోజు గొంతు వేరుగా ఉంది.

"అన్నా, పెద్ద ఫోటో మీద గీత పడ్తాంది. మూడు సార్లు ప్రింటు కొట్టినా. మూడు సార్లూ ఆడనే పడ్తాంది."

"ఆడనే అంటే యాడ?"

"పెళ్లికూతురు మెడ మీద. తాళి కట్టేటప్పటి ఫోటో అది. నువ్వు తొందరగా రాన్నా, ఈడ పెద్ద గలాటా అయితాంది."

మా సెంటర్లో నాకన్నా సీనియర్ ఒకాయన ఉండేవాడు. ఆదివారం చర్చిలో పాటలు ఎత్తుకునేది ఆయనే. మిగతా రోజుల్లో కుర్చీలోంచి లేవకుండా ఫోనులోనే మిషన్ల రోగాలు చెప్పేవాడు. నేను ఫోన్ పెట్టకముందే, "హెడ్డు పోయింటాది. మార్చేసి రా" అన్నాడు. ఆయన అన్నిటికీ అదే అనేవాడు. అప్పుడప్పుడు నిజంగానే హెడ్డు పోయి ఉండేది కాబట్టి ఆయన పేరు నిలబడింది.

మాదీ ఆయన సంఘమే. మా నాయన గడివేముల దగ్గర ఒక పల్లెలో బడిపంతులు. శకునాలు, రాహుకాలాలు మా ఇంట్లో లేవు. అలాగని మేము మిగతావాళ్లకన్నా తెలివైనవాళ్లమని చెప్పడం లేదు. మా అమ్మ ఏ పని మొదలుపెట్టాలన్నా కళ్లు మూసుకుని బైబిలు తెరిచి, వేలు పడ్డ వాక్యం చదివేది. ఆ వాక్యం నచ్చకపోతే ఇంకోసారి తెరిచేది. అందుకని ఒకరి నమ్మకం చూసి నవ్వడం నాకు మొదటినుంచీ అలవాటు లేదు.

ఆళ్లగడ్డలో దిగి స్టూడియోకి వెళ్లేసరికి ఆయన వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. లోపలికి తీసుకెళ్లి పాడైన మూడు ప్రింట్లూ బల్ల మీద పరిచాడు. అడ్డంగా పొడుగ్గా ఉన్న పెద్ద ఫోటో. నడుమ పెళ్లికొడుకు వంగి తాళి కడుతున్నాడు. కుడి కొసన పెళ్లికూతురు తల వంచుకుని కూర్చుని ఉంది. వెనకాల బంధువులు అక్షింతలు పట్టుకుని నిలబడి ఉన్నారు. కుడి అంచుకు కాస్త ఇవతల, పైనుంచి కిందికి తెల్లటి గీత ఒకటి దిగింది. బ్లేడుతో గీకినట్టుంది. పెళ్లికూతురి నుదుటి మీదుగా దిగి, మెడను దాటి, సరిగ్గా పసుపు తాడు మీద నుంచి పోయింది. మూడింటిలోనూ అంతే. అది కాక ఫోటో అంతటా పలచగా, చిక్కగా చారలు కూడా ఉన్నాయి. చీర రంగు మెట్లు మెట్లుగా కనిపిస్తోంది.

"చారలు వస్తే వచ్చినాయి లేన్నా, వాటిని ఎవురూ చూడ్లే" అన్నాడు ఆయన. "ఆ గీత చూసినారు."

అప్పుడు సంగతంతా చెప్పాడు. పెళ్లికొడుకు వాళ్లది ఆళ్లగడ్డ పక్కనే ఒక ఊరు. తరాలనుంచి భూములున్న కుటుంబం. పిల్లది శిరివెళ్ల మండలం. ఆల్బం తీసుకుపోదామని పెళ్లికొడుకు తల్లి స్వయంగా వచ్చింది. హాల్లో తగిలించే పెద్ద ఫోటో చూసి గీత ఉందంది. ఇంకోటి కొడతానన్నాడు ఈయన. ఆమె ఎదురుగానే కొట్టాడు. మళ్లీ అక్కడే పడింది. మూడోది కొట్టాడు. అదీ అంతే. ఆమె లేచి వెళ్లిపోయింది. అప్పటికి కొత్త పెళ్లికూతురు పుట్టింటికి వచ్చి ఉంది. మర్నాడు కాపురానికి తీసుకుపోవాల్సింది. అత్త ఆ ప్రయాణం ఆపేసింది. పంతులుగారితో మాట్లాడి శాంతి చేయించాలి, అంతవరకు పిల్లను మీ దగ్గరే ఉంచుకోండి అని కబురు చేసింది.

"ఆయమ్మ చెడ్డది కాదన్నా" అన్నాడు స్టూడియో ఆయన. "వాళ్ల చెల్లెలి పెండ్లిలో దీపం ఆరిపోయిందంట. ఏడాది తిరక్కుండానే మొగుడు పోయినాడంట. అది కండ్లారా చూసినామె. తాళి మీద గీతంటే ఇంగ ఆయమ్మకు కొడుకు కనపడ్తాండాడు."

నాకు అప్పుడు అర్థమైంది. ఆమె కోపం కోడలి మీద కాదు. భయం కొడుకు గురించి. కోపంగా ఉన్నవాళ్లకైతే నచ్చజెప్పవచ్చు. భయపడ్డవాళ్లకు చెప్పడం కష్టం.

"కంప్యూటర్లో ఆ గీత తుడిచేసి ఇచ్చుంటే సరిపోయేది కదా" అన్నాను.

"గీత కంప్యూటర్లో లేదు గదన్నా, కాయితం మీద పడ్తాంది. అయినా ఆయమ్మ ముందే అనింది, మీరు తుడిచి ఇస్తే రాసుండేది తుడుచుకుని పోతాదా అని."

నేను మిషను తెరిచాను. ముందే చెప్పాలి, ఆ మిషనుకు మూత మీద పెద్ద కుంకుమ బొట్టు ఉంది. అన్నం పెట్టే మిషను కాబట్టి ప్రతి శుక్రవారం దానికి పసుపు, కుంకుమ పెట్టి, సాంబ్రాణి వేస్తారు. మూత తీసి లోపల కూడా పొగ పట్టించేవాడట, దోమలు చేరకుండా ఉంటాయని. లోపల హెడ్డు పరుగెత్తే దారి పొడవునా పారదర్శకమైన సన్నటి ప్లాస్టిక్ పట్టీ ఒకటి ఉంటుంది. దాని మీద కంటికి ఆనని గుర్తులుంటాయి. తాను ఎక్కడ ఉన్నదీ హెడ్డు ఆ గుర్తులు చూసే తెలుసుకుంటుంది. ఆ పట్టీ మీద సాంబ్రాణి మసి జిగటగా పేరుకుని, దానికి కుంకుమ అంటుకుని ఉంది. దారి కనపడక హెడ్డు తడబడుతోంది, చారలు పడుతున్నాయి. మెత్తటి గుడ్డ తడిపి మెల్లగా తుడిచాను. గుడ్డ ఎర్రగా వచ్చింది.

"ఇంగ మిషన్‌కు బొట్టు, పొగ వద్దన్నా" అన్నాను.

"మిషన్‌కు బొట్టు లేకుంటే ఎట్లప్పా?"

"బల్లకు పెట్టు. మిషన్ బల్ల మీదనే గదా ఉండేది."

కాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు. ఆ తర్వాత నా బ్యాగులోంచి పెద్ద కాగితం తీసి మా టెస్టు బొమ్మ కొట్టాను. అద్దంలా వచ్చింది. చారల్లేవు, గీత కూడా లేదు. రెండూ ఆ మసి వల్లే అనుకున్నాను. హాయిగా అనిపించింది. ఇప్పుడు ఆ పెళ్లి ఫోటో కొట్టి చూపించమన్నాను. ఆయన గోడ గడియారం వైపు చూశాడు.

"ఇప్పుడొద్దన్నా, రాహుకాలం. వేరే ఏదైనా కొడ్తా గానీ ఆ ఫోటో మాత్రం ఇప్పుడు కొట్టను. నువ్వు పో, ఇది దాటినాక కొట్టుకుంటా."

మూడు సార్లు దెబ్బతిన్న మనిషి. నేను బలవంతం చేయలేదు. నా బస్సుకు కూడా టైమైంది. పనిచేసే చోట ఇలాంటివి ఎన్నో ఉంటాయి. దుర్ముహూర్తంలో కొత్త రీలు విప్పని స్టూడియోలు, ఆదివారం ఆరాధన అయ్యేదాకా కరెంటు స్విచ్చి వేయని మా వాళ్ల స్టూడియోలు, అన్నీ చూశాను. వాటిని లెక్కలోకి తీసుకునే పని చేసుకోవాలి. ఆ రోజు నేను తీసుకోలేదు. బస్సు శిరివెళ్ల చేరేసరికి ఫోన్ మోగింది.

"నాలుగోసారన్నా. చారలు పోయినాయి. గీత ఆడనే పడింది" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నాక్కూడా ఏందో అనుమానంగా ఉండాది. నువ్వు కొడితే రాదు, వేరే బొమ్మకు రాదు, ఆ పిల్లకే వస్తాంది" అన్నాడు.

బస్సులో కూర్చుని నాకు కూడా ఒక క్షణం ఏదోలా అనిపించింది. కిటికీలోంచి బయటికి చూస్తే శిరివెళ్ల స్టాండులో ఆటోలు నిలబడి ఉన్నాయి. ఈ చుట్టుపక్కలే ఏదో ఇంట్లో ఆ అమ్మాయి పెట్టె సర్దుకుని కూర్చుని ఉందనుకుంటే మనసు బాగాలేకపోయింది.

మర్నాడు మళ్లీ వెళ్లాను. మా సీనియర్ కొత్త హెడ్డు బ్యాగులో పెట్టబోతే వద్దన్నాను. ఈసారి నేను మిషను ముట్టుకోలేదు. పాడైన పెద్ద ప్రింట్లు ఎన్ని ఉంటే అన్నీ తెమ్మన్నాను. మంచివైనా సరే, ఇంకా ఎవరూ తీసుకుపోనివి కూడా తెమ్మన్నాను. స్టూడియో ఆయన ఒక కట్ట తెచ్చాడు. ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూశాను. ఈ ఎండాకాలం కొట్టిన ప్రతి పెద్ద ఫోటో మీదా ఆ గీత ఉంది! కుడి అంచు నుంచి అంతే దూరంలో ఉంది. ఒకదాంట్లో అది షామియానా గుడ్డ మీద పడింది. ఇంకోదాంట్లో అరటి గెల మీద పడింది. మరోదాంట్లో భోజనాల దగ్గర నీళ్ల డ్రమ్ము మీద పడింది. నీళ్ల డ్రమ్ము మీద గీత ఉందని ఏ పెళ్లివారూ వాపసు ఇవ్వరు. అందుకే ఎవరికీ తెలియలేదు.

"మరి నిన్న నీ కాయితం మీద రాలేదు గదన్నా?" అన్నాడు ఆయన.

"నీ కాగితాలు యాడ పెట్టినావ్?"

చూపించాడు. మిషను వేడెక్కకుండా ఎండాకాలంలో దాని వైపు తిప్పి పెద్ద నీళ్ల కూలర్ ఒకటి పెట్టాడు. ఆ కూలర్ పక్కనే, మూత తీసిన అట్టపెట్టెలో పెద్ద కాగితాలు. మిషను మీద, కాగితాల మీద రోజంతా తడిగాలి కొడుతోంది. ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాను. పెనం మీద దోసె అంచు లేచినట్టు కాగితం కొస పైకి లేచింది. నా బ్యాగులో కాగితాలు అట్టల మధ్య బిగించి ఉంటాయి, చదునుగా ఉంటాయి. నేను నా కాగితం మీద కొట్టి చూసుకుని వెళ్లిపోయాను. ఈ పనిలో ఉన్న చిన్నవాళ్లకు నేను చెప్పేది ఇదొక్కటే. వాళ్ల మిషనును వాళ్ల కాగితంతో చూడండి, వాళ్ల గదిలో, వాళ్ల గాలిలో చూడండి. మన కాగితం మనకు ఎప్పుడూ మంచి కబురే చెబుతుంది.

గీత ఎక్కడ పడుతుందో కూడా తెలిసిపోయింది. కాగితం మిషనులోకి పోయేటప్పుడు వెనకాల ఒక రోలరు, ముందర ఒక రోలరు పట్టుకుంటాయి. చివరికి వచ్చేసరికి వెనక రోలరు పట్టు వదిలేస్తుంది. అప్పుడు కాగితం తోక పైకి లేచి, పరుగెత్తే హెడ్డుకు గీచుకుంటుంది. ఏ ఫోటోకైనా తోక వైపే గీత. ఈ ఫోటోలో తోక వైపు పెళ్లికూతురు కూర్చుని ఉంది. అంతే విషయం.

స్టూడియో ఆయన మొహం విప్పారింది. "అయితే కూలర్ తీసేసి మంచి కాయితం పెట్టి కొట్టేద్దాం పా అన్నా."

నేను ఆగమన్నాను. గీత లేని ఫోటో ఇస్తే ఆమె ఏమంటుందో ముందే చెప్పేసింది, మీరు తుడిచినారు అంటుంది. జబ్బు బాగుచేయడం నా పని. కానీ ఆ జబ్బు మిషనుదని ఆమె నమ్మకపోతే పిల్ల ప్రయాణం కదలదు. అందుకని బాగుచేయకముందే ఆమెను పిలవమన్నాను. నంద్యాలకు ఫోన్ చేస్తే మా సీనియర్ విసుక్కున్నాడు. "మనకెందుకప్పా వాళ్ల సంసారాలు? బాగుచేసి బిల్లు రాసి రా" అన్నాడు. ఆయన చెప్పిందీ తప్పు కాదు. మామూలుగా నేనూ అదే చేసేవాడిని.

స్టూడియో ఆయన రెండు వైపులా కబురు పెట్టాడు. కాసేపటికి కారు వచ్చి ఆగింది. ముందు పెళ్లికొడుకు తండ్రి దిగాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, మాట తక్కువ మనిషి. కారు తోలింది ఆయనే. వెనక నుంచి ఆయన భార్య దిగింది. ఆమె నడకలోనే ఆ ఇంట్లో నిర్ణయాలు ఎవరివో తెలిసిపోతుంది. ఇంకాసేపటికి శిరివెళ్ల వైపు నుంచి ఆటోలో కొత్త పెళ్లికూతురు, ఆమె తండ్రి వచ్చారు. ఆ తండ్రి రైతు. ఎవరూ ఏమీ అనకముందే తప్పు చేసినవాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అది చూస్తే నాకు చాలా బాధేసింది. పిల్ల మాత్రం తల వంచుకోలేదు. మెడలో పసుపు తాడు ఇంకా కొత్తగా మెరుస్తోంది. అత్తకు నమస్కారం చేసి, బల్ల మీద ఉన్న ఫోటోలనే చూస్తూ నిలబడింది.

నేను మిగతా ఫోటోలు పెళ్లికొడుకు తల్లికి చూపించాను. షామియానా, అరటి గెల, నీళ్ల డ్రమ్ము. గీత అన్నిట్లోనూ ఉందమ్మా, ఇది మిషను గీత అన్నాను.

ఆమె ఒక్కొక్కటీ చూసింది. "ఉంటే ఉండనీ అప్పా. వాళ్లకు డ్రమ్ము మీద పడింది. మాకు తాళి మీద పడింది. యాడ పడిందనే దాంట్లోనే గదా ఉండేదంతా" అంది.

ఆమె వాదనలో ఆమె లెక్క సరిగ్గానే ఉంది. కాగితం తోక, రోలర్లు, కూలర్, అన్నీ చెప్పాను. ఆమె మర్యాదగా విని, "మీరు చదువుకున్నోళ్లు, మీకు కారణాలు దొరుకుతాయి. మా చెల్లెలి పెండ్లప్పుడు కూడా గాలికే ఆరిపోయిందన్నారు" అంది. పెళ్లికూతురి తండ్రి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఇంక నావల్ల కాదనుకుని బ్యాగు వైపు చూశాను.

అప్పుడు ఆ పిల్ల నా వైపు తిరిగింది.

"అన్నా, తోక వైపు అంటే నేను కూసునుండే వైపా?"

"అవునమ్మా."

"ఎప్పుడు కొట్టినా తోక వైపే పడ్తాదా?"

"ఈ కాగితంతో కొడితే తోక వైపే పడుతుంది."

"అయితే ఫోటోను తలకిందులు చేసి కొట్టన్నా. నేనుండే వైపు ముందు వస్తాది గదా. అప్పుడు నా మీద పడకుంటే మిషన్‌దే అని మా అత్తకు తెలుస్తాది. పడిందంటే..." ఒక క్షణం ఆగింది. "పడిందంటే మా నాయనతో తిరిగి పోతా. ఆయమ్మ ఎప్పుడు పిలిస్తే అప్పుడొస్తా."

నేను ఆ అమ్మాయిని అప్పుడు సరిగ్గా చూశాను. ఇంత సులువైన మాట నాకు తట్టలేదు. ఇన్నేళ్లుగా వందల ఫోటోలు చూసినవాడిని, గీత ఎక్కడ పడుతుందో ఆలోచించాను గానీ అటు తిప్పి ఇటు కొట్టమని ఆలోచించలేదు. అత్త కోడలి వైపు చూసింది. "కొట్టప్పా. నా ఎదురుగానే కొట్టు. ఏం తుడవద్దు" అంది.

కూలర్ అలాగే ఉంచాను. ఆ పెట్టెలో కాగితమే తీసి పెట్టాను. స్టూడియో ఆయన కంప్యూటర్లో ఫోటోను తలకిందులు చేశాడు. ఈసారి రాహుకాలం మాట ఎత్తలేదు. ఆయన పెదవులు మాత్రం కదులుతున్నాయి. నేను కూడా మా అమ్మలాగా లోపల ఒక వాక్యం అనుకున్నాను. మిషను మొదలైంది.

ముందు పెళ్లికూతురు వచ్చింది. నుదురు, మెడ, పసుపు తాడు, భుజం, అన్నీ శుభ్రంగా వచ్చాయి. పిల్ల తండ్రి గట్టిగా ఊపిరి వదిలాడు. తర్వాత పెళ్లికొడుకు వంగిన వీపు, ఆ తర్వాత అక్షింతలు పట్టుకున్న చేతులు వచ్చాయి. కాగితం చివరికి వచ్చింది. వెనక రోలరు వదిలేసింది. లోపల సర్రుమని చిన్న చప్పుడు. హెడ్డుకు కాగితం తగిలిన చప్పుడది. ఆ చప్పుడు వినడం కోసం అంత ఆత్రంగా నేను ఎప్పుడూ ఎదురుచూడలేదు.

ఫోటో తీసి, తిప్పి బల్ల మీద పెట్టాను. గీత ఎడమ కొసకు పోయింది. సంతోషంతో వేలు పెట్టి చూపించబోయి ఆగిపోయాను. నా చూపంతా కుడివైపే ఉండేది గానీ, ఎడమ కొసలో ఎవరున్నారో నేను చూసుకోలేదు. అక్కడ పట్టుచీరలో, చేతిలో అక్షింతల పళ్లెంతో, కెమెరా వైపు గర్వంగా చూస్తూ అత్తగారు నిలబడి ఉంది. గీత ఆమె బొట్టు మీదుగా దిగి, మెడలో నల్లపూసలు దాటి, సరిగ్గా తాళి మీద నుంచి పోయింది.

ఆమె ఫోటోను దగ్గరికి లాక్కుని చూసింది. చాలాసేపు చూసింది. అప్పటిదాకా నోరు విప్పని ఆమె భర్త మెల్లగా లేచి వచ్చి, భార్య భుజం మీదుగా తొంగి చూశాడు.

"ఏందే ఇది?" అన్నాడు. "అయితే ఇప్పుడు నన్ను సాగనంపుతాండావా?"

"నువ్వు గమ్మునుండు" అంది ఆమె గట్టిగా. "మిషన్ గీత అది. చూస్తే తెలుస్తాండ్లా?"

ఆయన నవ్వు ఆపుకోలేక తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ నవ్వు చూసి ముందు పెళ్లికూతురి తండ్రికి, తర్వాత స్టూడియో ఆయనకు నవ్వొచ్చింది. ఆమె స్టూడియో ఆయన మీద విరుచుకుపడింది. ఇంత దుకాణం పెట్టుకుని కాగితాలు తడిలో పెడతారా, ఒక ఇంటి మర్యాద మీ చేతుల్లో ఉంటుందని తెలియదా అని దులిపేసింది. ఆయన తల వంచుకుని ఎంతో సంతోషంగా తిట్లు తిన్నాడు. కానీ ఆమె కళ్లలో నీళ్లు తిరగడం నేను చూశాను. కొడుకు గురించి మోసిన బరువు దిగిందన్నమాట. అప్పటిదాకా ఆమె మీద నాకున్న కాస్త చిరాకు కూడా అక్కడితో పోయింది.

మిగిలింది మామూలు పని. కూలర్‌ను అవతలి గోడ వైపు తిప్పించాను. ఆ పెట్టెలో కాగితాలు పక్కన పడేసి, సీలు తీయని కొత్త పెట్టె తెప్పించాను. హెడ్డుకూ కాగితానికీ మధ్య ఎడం పెంచే ఏర్పాటు మిషనులోనే ఉంటుంది, దాన్ని ఒక మెట్టు పెంచాను. ఫోటో మళ్లీ కొడితే ఏ కొసలోనూ గీత లేదు. అత్తగారు దాన్ని కళ్లకద్దుకుంది. తర్వాత కోడలి వైపు తిరిగి, "ఇంగ కారెక్కు. బట్టలు రేపు తెప్పించుకుందాం" అంది. పిల్ల తండ్రి వియ్యంకుడి చేతులు పట్టుకున్నాడు. ఆయన, "పదప్పా, అన్నం తిని పోదువు" అంటూ అతన్ని కూడా కారు వైపు నడిపించాడు.

సెంటర్‌కు ఫోన్ చేశాను. "హెడ్డేనా?" అన్నాడు మా సీనియర్. కూలర్ అన్నాను. ఒక క్షణం ఆగి, "నేనూ అదే అనుకున్నా" అన్నాడు. ఆయనతో గొడవపడి ఎవరూ బాగుపడలేదు.

నేను సామాను సర్దుకుంటూ పాడైన ప్రింట్లన్నీ ఒకచోట చేర్చాను. తాళి ఉన్న ఫోటోలను చెత్తలో వేయడం స్టూడియో ఆయనకు ఇష్టం ఉండదు. నీళ్లలో కలిపేస్తాడు. వాటిని మడిచి పెడుతుంటే తలుపు దగ్గర గాజుల చప్పుడైంది. కొత్త పెళ్లికూతురు ఒక్కతే వెనక్కి వచ్చింది. కట్టలో వెతికి, ఆఖర్న తలకిందులుగా కొట్టిన ఫోటో బయటికి తీసింది.

"అది పాడైందమ్మా. మంచిది మీ అత్త దగ్గరుంది" అన్నాను.

"తెలుసన్నా. మంచిది ఆయమ్మ హాల్లో పెట్టుకుంటాది. ఇది నాకు కావాల."

"దీంతో ఏం చేస్తావ్?"

ఆ ఫోటోను ముఖాలు లోపలికి వచ్చేలా, ఎక్కడా నలగకుండా జాగ్రత్తగా చుట్టింది. తలుపు బయటికి ఒకసారి చూసింది. అప్పుడు మొదటిసారి నవ్వింది.

"మా అత్త మంచిదే అన్నా. రేపెప్పుడన్నా పిల్లి ఎదురొచ్చిందనో, ఎవురో తుమ్మినారనో నన్ను ఆపితే తీసి చూపిస్తా."

ఆ చుట్టను కొంగు కింద పెట్టుకుని వెళ్లి, కారులో అత్త పక్కన కూర్చుంది.